ముల్లంగి పరీక్ష

ఎరువుల యార్డు, తూకం గది
సోమవారం

మరదలు పిల్లకి,

ఉత్తరం రాసి నెల దాటింది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, మధ్యలో మీ అన్నయ్య టీవీ సౌండు పెంచుతాడు. కాగితం మీదైతే మనిద్దరం కాస్త మనుషుల్లా మాట్లాడుకుంటాం.

కబుర్లు తర్వాత. నర్సరీ ఆయన అరవై బస్తాలు వెనక్కి పంపేశాడు. మన ఎరువు పోసిన ట్రేలలో మిరప, టమాటా నారు మొలిచిన వారానికే ఆకుల అంచులు కాలినట్టయి చచ్చిపోయిందట. బండి దిగి ఒక ట్రే తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అమ్మా, ఇది ఎరువా, విషమా?" అన్నాడు. గొడవపడితే నేనూ గొడవపడేదాన్ని. ఆయన నెమ్మదిగా అడిగాడు. ఇంకొక్క విడత చూస్తాడట. అదీ ఇలాగే ఉంటే వేరే చోట కొనుక్కుంటాడు. ఆయన పోతే ఆయన వెనకే మిగతావాళ్ళూ పోతారు. యార్డుకి తాళం వేసుకోవడమే.

మీ కూరగాయల ఫ్యాక్టరీ నుంచి వచ్చే తొక్కలు, తొడిమలు, పిప్పి, వాటికి తోడు రంపపు పొట్టు, ఎండాకులు. పదకొండేళ్ళుగా అదే సరుకు, అదే పాళ్ళు. కానీ రెండు మూడు నెలలుగా కుప్పలు సరిగా వేడెక్కడం లేదు. ఇనుప చువ్వ కుప్పలో గుచ్చి, తీసి పట్టుకుంటే ఐదు లెక్కపెట్టేలోపు చువ్వ వదిలెయ్యాలి. ఇప్పుడు ఇరవై దాకా హాయిగా పట్టుకోవచ్చు. అంటే నాలుగు రోజులకోసారి తిరగెయ్యాల్సిన కుప్పని ఎవరో తిరగెయ్యడం లేదన్నమాట. తిరగేసేది ఎవరు? మన ముక్కాయన. కుప్ప వాసన చూసి దాని వయసు చెప్పే మనిషి కదా అని నేనెప్పుడూ వెంటపడి చూడలేదు.

దానికన్నా పెద్ద అనుమానం ఇంకోటుంది. ప్రతి విడతకీ ఆరు కుండీల్లో ఎరువు నింపి ముల్లంగి గింజలు వేస్తాను కదా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, మీ అన్నయ్యే కుప్పలోంచి ఎరువు తీసుకొచ్చి కుండీలు నింపి ఇస్తాడు. నాలుగో రోజుకి మొలకలు రావాలి. నర్సరీకి పంపిన విడతలో ఆరు కుండీలూ చక్కగా మొలిచాయి. పరీక్షలో నెగ్గిన ఎరువు బస్తాలోకి వెళ్ళేసరికి విషమెలా అయింది? బస్తాలు నింపేదీ ముక్కాయనే. మంచిది పక్కకి తోసి, పండని కుప్ప నింపుతున్నాడా? మంచిది ఎవరికైనా ఇస్తున్నాడా? ఇలా అనుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది, కానీ అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

నిన్నొకటి అడుగుతాను. మీరు పంపే చెత్త డబ్బాల్లో ఈ మధ్య ఏమైనా తేడా వచ్చిందా? వచ్చి ఉంటే రాయి. లేదంటే ముక్కాయన సంగతి తేల్చాలి.

పిల్ల చదువుతోందా, అద్దం ముందే ఉంటోందా?

మీ వదిన


ఫ్యాక్టరీ క్వార్టర్లు, రెండో అంతస్తు
ఆదివారం

వదినా,

ఫోన్లో అరిచేది నువ్వేనని నీ చేత్తో ఒప్పుకున్నావు. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుంటాను, ముందు ముందు పనికొస్తుంది.

పిల్ల చదువుతోంది. పెద్ద పరీక్షలకి ఇంకా ఐదు నెలలుంది. ఇక్కడి స్కూలు వదిలి ఇంకోచోటికి వెళ్ళాల్సి వస్తే దాని గతేమిటా అని ఒక్కోసారి ఊరికే భయమేస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఈ క్వార్టరు. ఈ ముక్క నీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

డబ్బాల సంగతి అడిగావు. మామూలే అని రాయమంటే రాస్తాను. మామూలే. టమాటా తొక్క, బఠాణీ పొట్టు, క్యారెట్ చెక్కు. కడిగి, జల్లించి, మూత పెట్టి పంపిస్తున్నారు. నాణ్యత విభాగంలో ఉన్నాను కాబట్టి ప్రతి బండి కాగితం మీదా నా సంతకమే ఉంటుంది.

ఈ ప్రశ్న నువ్వు కాగితం మీద ఎందుకు అడిగావో, నేను కాగితం మీద ఇలా ఎందుకు జవాబిస్తున్నానో మనిద్దరికీ తెలుసు. ముక్కాయన పెద్దవాడయ్యాడు, చెయ్యి నెమ్మదించి ఉంటుంది. తప్పు ఆయన మీదే పెట్టాలని నువ్వనుకుంటే నేను కాదనను. నీకది తేలిక కాదనీ తెలుసు. థాంక్స్ అనే మాట మనలో మనకి బాగుండదు. అర్థమైంది అని మాత్రం చెప్తాను.

అన్నయ్యని ఆరోగ్యం చూసుకోమను. అందరి బరువూ తనే మోస్తానంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే.

నీ మరదలు


ఎరువుల యార్డు, తూకం గది
శుక్రవారం

మరదలికి,

ముక్కాయనని పంపించేశాను.

తూకం గదిలోకి పిలిచి, "ఎందుకు చేశావు?" అని అడిగాను. తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు, బట్టలకి వాసన అన్నాడు. కుర్చీకి అంటుతుందని ఇరవై ఏళ్ళలో ఏనాడూ కూర్చోలేదు. "తప్పు చేతిలో లేదమ్మా, సరుకులో ఉంది. ఈ కుప్పల వాసన నాకు తెలిసిన వాసన కాదు," అన్నాడు. దొంగలందరూ ఇలాగే అంటారని నేను అనేశాను. నా నోటికి తాళం వేసేవాళ్ళు లేరు. పార గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, గేటు దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మీ అన్నయ్య పంపు దగ్గరే ఉన్నాడు. ఇంత గొడవ జరుగుతుంటే తలెత్తలేదు. బాధ పడుతున్నాడనుకున్నాను.

నర్సరీ ఆయనకి కబురు చేశాను, మా పనివాడి చేతివాటం వల్ల సరుకు చెడింది, మనిషిని మార్చాం అని. సరే, చూద్దాం అన్నాడు.

ఇంత చేశాక స్థిమితంగా ఉండాలి కదా. లేను. నీ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. అర్థమైంది అన్నావు. ఏమర్థమైంది? మనిద్దరికీ తెలుసన్నావు. నాకేం తెలుసు? ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషిని పంపించినందుకు నువ్వు నాకు థాంక్స్ ఎందుకు చెప్పాలి? మామూలే అని రాయమంటే రాస్తానంటావేమిటి? నేనేమైనా రాయమన్నానా?

డొంకతిరుగుడు నా దగ్గర వద్దు. నువ్వు పావడా కట్టుకుని తిరిగే రోజుల నుంచి నిన్ను ఎరుగుదును. బెల్లం ముక్క తిని మూతి తుడుచుకున్నా నాకు తెలిసిపోయేది.

మీ వదిన


ఫ్యాక్టరీ క్వార్టర్లు
బుధవారం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

ఏమర్థమైంది అని అడిగారు. అది నా చేత్తో రాసి ఇమ్మంటున్నారని అర్థమైంది. ముందు ఉత్తరంలో తెలియదన్నట్టు అడిగారు. ఈసారి గట్టిగా అడిగారు. మీ నర్సరీ ఆయన నష్టపరిహారం అంటున్నాడేమో, దానికి ఫ్యాక్టరీ నుంచి ఒక కాగితం కావాలేమో. కావాలంటే సూటిగా అడగండి. ఇంట్లో మనిషిని బుజ్జగించి, బెల్లం ముక్క గుర్తుచేసి లాగాల్సిన పని లేదు.

నేను చెప్పాల్సింది చెప్పాల్సినప్పుడే చెప్పాను. ఆ తర్వాత మీరు బండ్లు వద్దనలేదు. ఒక్క బండి కూడా వెనక్కి పంపలేదు. ఇప్పుడు సరుకు చెడిందని ముక్కాయనని పంపించి, ఆయన చాలడం లేదని నన్ను వెతుకుతున్నారు.

నా ఉత్తరాలు ఇంకెవరికైనా చూపిస్తున్నారా? చూపించినా నాకు చెప్పరు లెండి.

పిల్ల అత్తయ్యని అడిగానని చెప్పమంది. చెప్పాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఎరువుల యార్డు, వెనక వరండా
శనివారం

గారూ గీరూ ఎప్పటి నుంచి? నీ ‘మీరు’ చదివి ఒక పూట అన్నం సహించలేదు. జవాబు నెల ఆలస్యమైంది, ఎందుకో చెప్తాను. నేనూ సూటిగానే రాస్తాను.

ముక్కాయన వెళ్ళాక వచ్చిన కొత్త విడతని ఇద్దరు కూలీలతో దగ్గరుండి తిరగేయించాను. నా కుర్చీ కుప్పల పక్కనే వేయించుకున్నాను. బస్తాలు మీ అన్నయ్యే నింపాడు. ఆరు కుండీల్లోనూ ముల్లంగి నిక్షేపంలా మొలిచింది. పంపించాం. పదో రోజున నర్సరీ ఆయన మళ్ళీ ట్రే పట్టుకుని వచ్చాడు. అవే కాలిన అంచులు. "అమ్మా, ఈసారి ఎవరిని మానిపిస్తారు?" అన్నాడు. ఈ నెలాఖరు వరకే ఆగుతానన్నాడు.

అప్పుడు నాకొకటి తోచింది. ఆ కుండీల్లో ఎరువు ఒక్కసారి కూడా నేను తియ్యలేదు. మీ అన్నయ్య తర్వాతి విడతకి కుండీలు నింపి ఇచ్చి, సామాన్ల కోసం బజారుకి వెళ్ళిన పొద్దున, కర్ర పట్టుకుని కుప్ప దగ్గరికి నేనే వెళ్ళాను. నా చేత్తో ఎరువు తీసి, పెరుగు గిన్నెలో పోసి, ముల్లంగి వేసి బియ్యం డబ్బాల వెనక దాచాను. నా ఇంట్లో నేనే దొంగలా. నాలుగు రోజులు, వారం, తొమ్మిది రోజులు చూశాను. పదిహేను గింజల్లో రెండే లేచాయి. అవీ మెడలు వాల్చేశాయి. అదే కుప్ప, అదే రోజు. కిటికీలో మీ అన్నయ్య నింపిన కుండీల్లో మాత్రం పచ్చగా ఉంది.

నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు. ఆయన్ని ఇంకా అడగలేదు. అడిగే ముందు నాకు నిజం ఒకటి చేతిలో ఉండాలి, లేకపోతే ఆయన నవ్వేసి పోతాడు.

చెప్పాల్సింది చెప్పాల్సినప్పుడే చెప్పానన్నావు. నాకు నువ్వేమీ చెప్పలేదు. పిల్ల మీద ఒట్టు పెట్టమనను, నాకు ఒట్లు పడవు. నీ డబ్బాల్లో ఏముంది?

వదిన


ఫ్యాక్టరీ క్వార్టర్లు
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం స్కూటర్ మీద కూర్చునే చదివాను. చదివాక బండి తిప్పుకుని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

నీకు నిజంగా తెలియదా?

ఎండాకాలంలో నేను వచ్చినప్పుడు, నువ్వు పిల్లకి జడ వేస్తున్నావు, నేనూ అన్నయ్యా పంపు దగ్గర ఉన్నాం. అప్పుడే చెప్పాను. ఫ్యాక్టరీలో కొత్తగా దోసకాయల విభాగం పెట్టారు. పెద్ద పెద్ద తొట్లలో ఉప్పునీళ్ళలో ఊరబెట్టి సీసాలకెత్తుతారు. వాడేసిన ఉప్పునీళ్ళు కాలవలోకి వదలకూడదు, శుద్ధి చేసే యంత్రం ఇంకా రాలేదు. అందుకని ఆ తొట్ల అడుగు మడ్డంతా, నీళ్ళతో సహా, మీకొచ్చే డబ్బాల్లో పోస్తున్నారు. కాగితం మీద కూరగాయల తొక్కలు అనే ఉంటుంది. కింద నా సంతకం. చెయ్యనంటే, ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు చాలామందున్నారు అన్నాడు మేనేజరు.

"వదినతో చెప్పు. బండ్లు వద్దనాలనుకుంటే వద్దనమను, నా సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. "ఆవిడతో నేను మాట్లాడతాలే, నువ్వు నోరెత్తకు, కాగితం మీద మాత్రం పెట్టకు" అన్నాడు. వారం తర్వాత ఫోన్ చేసి, "వదినతో చెప్పాను. సర్దుకుందాం అంది, పిల్ల పరీక్షలయ్యేదాకా" అన్నాడు. ఆ రోజు నేను ఎంత ఏడ్చానో నీకు తెలియదు. ఎంత మంచిదో మా వదిన అనుకుని ఏడ్చాను.

ముక్కాయనని అనుమానిస్తున్నానని నువ్వు రాసినప్పుడు, ఉప్పు సంగతి పైకి రాకుండా నాకోసం ఒక మనిషిని అడ్డం పెడుతున్నావనుకున్నాను. అందుకే అర్థమైంది అన్నాను. తప్పు ఆయనది కాదని తెలిసి కూడా, చెయ్యి నెమ్మదించి ఉంటుందని రాశాను. నీ తప్పు తెలియక. నాది తెలిసి.

తర్వాత నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగేసరికి, నన్ను పట్టించడానికే అనుకున్నాను. మీరు అని రాసింది అందుకే. రాస్తున్నప్పుడు నాకూ బాగాలేదు.

కుప్పలు వేడెక్కనిది ఆ ఉప్పు వల్లే. కుండీలు ఎలా మొలిచాయో మాత్రం నాకు తెలియదు. ఉప్పు ఎరువులో ముల్లంగి అలా రాదు. నీళ్ళు పోసి పోసి ఉప్పంతా కిందికి దించితే తప్ప.

నీ మరదలు


ఎరువుల యార్డు, తూకం గది
ఆదివారం

అమ్మడూ,

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కుండీల సంగతి చెప్పాడు.

స్నానాల గది వెనక ఒక జాలీ తొట్టి ఉంది. కుప్పలోంచి తెచ్చిన ఎరువుని అందులో పోసి, మూడు బిందెల నీళ్ళతో కడిగి, గోనె మీద ఆరబెట్టి, అప్పుడు కుండీల్లో నింపి నాకు ఇచ్చేవాడట. ఉప్పంతా మురుగులోకి, మొలకలు నా కిటికీలోకి. బస్తాల్లోకి మాత్రం కడగనిది. నేను ఏ పరీక్షని నమ్మి సంతకం పెట్టేదాన్నో ఆ పరీక్షని ఐదు నెలలుగా నా కళ్ళ ముందే కడిగేస్తున్నాడు.

"ఎందుకండీ?" అన్నాను.

"నీకు చెప్తే బండ్లు ఆపేస్తావు. ఆపితే దాని ఉద్యోగం పోతుంది. యంత్రం ఈ నెల వస్తుంది, వచ్చే నెల వస్తుంది అంటున్నారు. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాను. నారుకి అంత దెబ్బ తగులుతుందనుకోలేదు."

"మరి ముక్కాయన?"

ఆయన లేచి పంపు దగ్గరికి పోయాడు. ఆ రోజు పంపు దగ్గర తలెత్తకుండా నిలబడింది బాధతోననుకున్నాను చూశావా, నా అంత తెలివైనది ఇంకొకతి ఉండదు. ఆయనతో మాట్లాడి నాలుగు రోజులైంది. కంచం పెడుతున్నాను, తీస్తున్నాను. నీకోసమే చేశాడని తెలిసి కూడా నాకు కోపం తగ్గడం లేదు. నిన్ను కాపాడాలంటే నాకు చెప్పకూడదని ఆయన ఎందుకు అనుకున్నాడు? నేను నిన్ను వదిలేస్తానని ఎలా అనుకున్నాడు? నువ్వు కూడా అనుకున్నావు కదే, నీ చేత రాయించి అమ్ముకుంటానని. నేనూ తక్కువ తినలేదు, నువ్వేదో విషం కలుపుతున్నావనే అనుకున్నాను. మన ముగ్గురిలో ఒక్కరైనా ఇంకొకరిని నమ్మి ఉంటే ఆ ముసలాయన ఈరోజు ఇక్కడ పార పట్టుకుని ఉండేవాడు.

నిన్న ఆయన ఉంటున్న చోటికి వెళ్ళాను. కూతురింట్లో, మెట్ల కింద గది. ఒక క్యాంటీన్లో గిన్నెలు తోముతున్నాడు. చేతులు సబ్బుకి పగిలి ఉన్నాయి. కుర్చీ లేదు, నేను మెట్టు మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను, మా ఆయన చేసిందీ, నువ్వు చేసిందీ, నేను అన్నదీ.

ఆఖరి దాకా విన్నాడు. తర్వాత అన్నాడు:

"కోపం లేదమ్మా. ఒక్కటే. ఆ రోజు నన్ను పిలిచి, ఎందుకు చేశావు అని అడిగావు. ఏమైంది అని అడగలేదు. ఏమైంది అనుంటే చెప్పేవాణ్ణి. కుప్ప దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేవాణ్ణి."

తిరిగి రమ్మన్నాను.

"వస్తాను. నర్సరీ ఆయనకి నువ్వే కదా చెప్పావు, నా చేతివాటమని. ఆయన నలుగురికి చెప్పాడు. పని అడగడానికి పోతే నాకే ఆ మాట ఎదురొచ్చింది. ఆ మాట నువ్వే వెనక్కి తీసుకో. అప్పుడు వస్తాను."

బండ్లు నిన్ననే ఆపించాను. ఎందుకో కాగితం మీద రాయలేదు, యార్డులో చోటు లేదన్నాను. నర్సరీ ఆయన దగ్గరికి మాత్రం ఇంకా పోలేదు. ముక్కాయన తప్పు కాదంటే మరి ఎవరిదని అడుగుతాడు. చెప్పాలి. చెప్తే అది మీ మేనేజరు దాకా రెండు రోజుల్లో పోతుంది. నీ సంతకాలన్నీ అక్కడే ఉన్నాయి.

నీకు తెలియకుండా ఆ పని చెయ్యను. ఈ ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు చేసింది చాలు. చెప్పొద్దంటే చెప్పను, ముక్కాయన దగ్గరికి ఇక వెళ్ళను. చెప్పమంటే రేపే వెళ్తాను. ఏది రాసినా నీ మీద నాకేమీ ఉండదు. పిల్ల పరీక్షల మాటంటావా, మా వెనక గదిలో మంచమూ ఉంది, బల్లా ఉంది, దానికి జడ వేసే అత్తా ఉంది. ఇది నిన్ను ఒప్పించడానికి రాయడం లేదు. అలా అనుకుంటావేమోనని రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాను.

వదిన


ఫ్యాక్టరీ, నాణ్యత విభాగం
గురువారం

అయ్యా,

మీ పేరుతో ఇంతకు ముందెవరూ ఉత్తరం రాసి ఉండరు. మీకు చదవడం రాదని వదిన చెప్పేది. అందుకే ఇది ఆమెకే పంపిస్తున్నాను. నర్సరీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ముందు, గట్టిగా చదవమన్నాను.

ఎండాకాలం నుంచి మా ఫ్యాక్టరీ చెత్త డబ్బాల్లో ఊరబెట్టిన దోసకాయల ఉప్పు మడ్డి కలుపుతున్నారు. ఆ డబ్బాల మీద తొక్కలు అని రాసి సంతకం పెట్టింది నేను. నారు చచ్చింది అందువల్లే. మీ చేతివల్ల కాదు. మీ మీద అనుమానం ఉందని వదిన రాసినప్పుడు నాకు నిజం తెలుసు. ఒక్క ముక్క రాస్తే మీరు యార్డులోనే ఉండేవారు. నా ఉద్యోగం కోసం, నా పిల్ల చదువు కోసం రాయలేదు. మీకూ పిల్లలున్నారని ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

క్షమించమని ఉత్తరంలో అడగడం తేలిక. వచ్చాక ఎదురుగా అడుగుతాను.

ఇది చదివే సమయానికి వదినకి మనసు మారి, నన్ను కాపాడదామని ఈ కాగితం దాచెయ్యాలనిపించవచ్చు. అన్నయ్యకైతే తప్పకుండా అనిపిస్తుంది. అందుకని ముందుగానే దీని నకలొకటి మా మేనేజరు బల్ల మీద పెట్టి, క్వార్టరు తాళాలు ఇచ్చేశాను.

ఇట్లు,
బండ్ల కాగితాల మీద సంతకం పెట్టినామె